మాంటేగ్ దగ్గర 1,750 క్యూసెక్కులు, లార్డ్‌విల్ దగ్గర 24 డిగ్రీలు

సెంట్రల్ జెర్సీలో, ఎడిసన్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్ళ కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో డెలావేర్ నది వాటా ఉంది. బుల్స్ ఐలండ్ దగ్గర డెలావేర్-రారిటన్ కాలువలోకి మళ్ళించిన నీళ్ళవి. అదే నదికి ఎగువన, న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో, న్యూయార్క్ నగరానికి మూడు జలాశయాలు ఉన్నాయి. వాటి కట్టల కింద నుంచి మొదలయ్యే చల్లటి నీళ్ళలో బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ చేపలు బతుకుతున్నాయి. హేచరీలో పెంచి వదిలినవి కావు, నదిలోనే గుడ్లు పెట్టి నదిలోనే పెరిగేవి. ఈ చేపలకి నీళ్ళ పరిమాణం కన్నా మూడు విషయాలు ముఖ్యం: ఏ రోజు వదిలారు, ఎంత చల్లగా వదిలారు, ఎంత నిలకడగా వదిలారు. మనవైపు నీళ్ళ తగాదాలన్నీ టీఎంసీల్లోనే నడుస్తాయి కాబట్టి ఈ తేడా మనకి త్వరగా తట్టదు. అందుకే లెక్కలన్నీ మనకి అలవాటైన క్యూసెక్కుల్లో, టీఎంసీల్లో చెబుతాను.

మూడు జలాశయాల్లో పెపాక్టన్ పెద్దది, సుమారు 18.7 టీఎంసీలు. ఇది ఈస్ట్ బ్రాంచ్ మీద ఉంది. వెస్ట్ బ్రాంచ్ మీద ఉన్న కానన్స్‌విల్‌లో 12.8, నెవర్‌సింక్‌లో 4.7. మొత్తం 36 టీఎంసీల చిల్లర, అంటే మూడూ కలిసినా మన పులిచింతలకి తక్కువే. ఈస్ట్, వెస్ట్ బ్రాంచ్‌లు హ్యాంకాక్ అనే ఊరి దగ్గర కలుస్తాయి. అక్కణ్ణుంచి సముద్రం దాకా 330 మైళ్ళు అసలు నదికి అడ్డంగా ఒక్క ఆనకట్ట కూడా లేదు.

పంపకం 1954లో అమెరికా సుప్రీంకోర్టు చేసింది. న్యూయార్క్ నగరం రోజుకి 80 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 1,238 క్యూసెక్కులు తీసుకోవచ్చు. న్యూజెర్సీ 10 కోట్ల గ్యాలన్లు, అంటే 155 క్యూసెక్కులు. దానికి బదులుగా నగరం తన జలాశయాల నుంచి నీళ్ళు వదిలి, దిగువన న్యూజెర్సీలోని మాంటేగ్ అనే ఊరి దగ్గర నదిలో 1,750 క్యూసెక్కులకి తగ్గకుండా చూడాలి. ఇది సరిగ్గా అమలవుతోందా అని రోజూ చూసే అధికారిని రివర్ మాస్టర్ అంటారు. ఆ కార్యాలయం అమెరికా భూగర్భ సర్వే సంస్థ కింద పనిచేస్తుంది. ఆ తీర్పులో చేపల కోసం ఉష్ణోగ్రత లెక్క లేదు. ఎగువన నది ఎలా ఉండాలన్న లెక్కా లేదు. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళుగా జరుగుతున్నదంతా ఆ లోటు పూడ్చే ప్రయత్నమే.

రివర్ మాస్టర్ లెక్క ఎలా సాగుతుందో చూస్తే చేపల కష్టం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. కానన్స్‌విల్ తూము తెరిస్తే ఆ నీళ్ళు మాంటేగ్ చేరడానికి 48 గంటలు పడుతుందని లెక్క. పెపాక్టన్ నుంచి 60, నెవర్‌సింక్ నుంచి 33. మధ్యలో కరెంటు కోసం కట్టిన ప్రైవేటు జలాశయాలు కూడా ఉన్నాయి. వాలెన్‌పాపాక్ నుంచి 16 గంటలు, రియో నుంచి 8 గంటలు. అంటే ఎల్లుండి మాంటేగ్ దగ్గర ఎంత ప్రవాహం ఉంటుందో ఈరోజే అంచనా కట్టాలి. వాగుల నుంచి 900 క్యూసెక్కులు వస్తాయనుకుందాం. కరెంటు జలాశయాలు 250 వదులుతామన్నాయి. నగరం ఎలాగూ వదిలే కనీస ప్రవాహం 350. మొత్తం 1,500. లోటు 250, అది వదలమని ఈరోజే ఆదేశం వెళ్తుంది. రేపు వాన పడితే ఆ 250 వృథా. కరెంటు కంపెనీ తన మాట మార్చుకుంటే మాంటేగ్ దగ్గర లోటు, దాన్ని ఆ తర్వాతి రోజుల్లో పూడ్చాలి.

ఇక్కడే చిక్కు ఉంది. కరెంటుకి గిరాకీ ఉండేది సోమవారం నుంచి శుక్రవారం దాకా. శని, ఆదివారాల్లో టర్బైన్లు ఆగితే మాంటేగ్ దగ్గర ప్రవాహం తగ్గుతుంది. దాన్ని భర్తీ చేయడానికి గురు, శుక్రవారాల్లోనే కానన్స్‌విల్ తూము పైకి లేపాలి, ఆదివారానికి దించాలి. వంద మైళ్ళ దిగువన నదిని కొలిచే ఒక గేజ్ అంకె నిలకడగా ఉండడం కోసం కట్ట కింద నది మాత్రం వారంవారం పొంగి తగ్గుతుంటుంది. దీన్ని అక్కడివాళ్ళు యోయో అంటారు. అంకె తప్పలేదు కాబట్టి కాగితం మీద అంతా సవ్యమే.

ఆ పొంగు తగ్గినప్పుడు నష్టం ఒడ్డు పక్కన రాళ్ళ దగ్గర జరుగుతుంది. ట్రౌట్ తిండిలో ముఖ్యమైనది మేఫ్లై. ఏడాది పాటు నీటి అడుగున రాళ్ళని పట్టుకుని పెరిగి, ఒకటి రెండు రోజులు రెక్కలతో బతికి, గుడ్లు పెట్టి చచ్చిపోయే పురుగు. నీళ్ళు పెరిగినప్పుడు ఈ పురుగుల పిల్లలు కొత్తగా తడిసిన రాళ్ళ మీదికి జరుగుతాయి. రెండు రోజుల్లో నీళ్ళు ఒక్కసారిగా తగ్గితే అక్కడే ఎండిపోతాయి. చేపపిల్లలదీ అదే గతి, ఒడ్డు పక్క గుంటల్లో చిక్కుకుపోతాయి. అక్టోబర్, నవంబర్‌లో బ్రౌన్ ట్రౌట్ గులకరాళ్ళలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. సరిగ్గా అప్పటికి శరదృతువు వానలొచ్చి మాంటేగ్ లోటు తీరుతుంది, జలాశయం నింపుకోవాలన్న తొందరలో తూము దించేస్తారు. ఎక్కువ నీళ్ళలో పెట్టిన గుడ్లు తక్కువ నీళ్ళలో బయటపడి చలికి గడ్డకడతాయి.

వేడి సంగతి వేరు. ట్రౌట్‌కి హాయిగా ఉండేది 10 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య. 20 దాటితే తిండి మానేసి చల్లటి వాగుల మూతుల దగ్గర గుంపుగా చేరతాయి. 24, 25 దగ్గర ఎక్కువసేపు నిలబడితే చస్తాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరుకి 11.3 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళలో 25 డిగ్రీల దగ్గర 8.3 మాత్రమే పడుతుంది. అదే సమయంలో చేప ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. భీమవరం వైపు ఆక్వా రైతుకి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ ఏరేటర్ తిప్పుకోవచ్చు. నదికి ఏరేటర్ లేదు, చల్లటి నీళ్ళే దానికి మందు.

ఆ చల్లటి నీళ్ళు జలాశయం అడుగున ఉంటాయి. వేసవిలో లోతైన జలాశయం రెండు పొరలుగా విడిపోతుంది. పైన ఎండకి కాగిన తేలిక నీళ్ళు, కింద చలికాలం నుంచి మిగిలిన బరువైన చల్లటి నీళ్ళు. అడుగు తూము నుంచి వదిలితే జూన్, జూలైల్లో 10 డిగ్రీలకి అటూ ఇటూగా వస్తాయి. అవే జలాశయం నిండి స్పిల్‌వే మీదుగా పొర్లితే పై పొర నీళ్ళు వస్తాయి, అవి వెచ్చనివి. కాబట్టి "కట్ట పొర్లుతోంది, నదికి ఇంక నీళ్ళకేం లోటు" అనడం వేసవిలో తప్పు. పొర్లుతున్నప్పుడు కూడా అడుగు తూము తెరిచే ఉంచాలి. అయితే తూముల సామర్థ్యానికీ హద్దుంది: కానన్స్‌విల్ సుమారు 1,500 క్యూసెక్కులు, పెపాక్టన్ 700, నెవర్‌సింక్ 190.

ఇంకొక సంగతి. అడుగు పొరలో ఉన్న చలి ఏడాదికి ఒక్కసారే నిండుతుంది. కానన్స్‌విల్ నీళ్ళలో చుట్టూ ఉన్న పాడి పొలాల నుంచి చేరే ఫాస్ఫరస్ ఎక్కువ, వేసవిలో నాచు పడుతుంది. అందుకని నగరం తాగడానికి పెపాక్టన్, నెవర్‌సింక్ నీళ్ళు తీసుకుని, మాంటేగ్ బాకీ కానన్స్‌విల్ నీళ్ళతో తీరుస్తుంది. దీనివల్ల వెస్ట్ బ్రాంచ్‌కి వేసవి నడిమధ్యలో చల్లటి నీళ్ళు దండిగా దొరుకుతాయి. ఈస్ట్ బ్రాంచ్‌కి అంత దొరకవు, పైగా ఆనకట్ట లేని బీవర్‌కిల్ అనే ఉపనది తన వెచ్చటి నీళ్ళు తెచ్చి దాంట్లో కలుపుతుంది. వెస్ట్ బ్రాంచ్‌కి ఇది వరం అనిపిస్తుంది కానీ, కరువు ఏడాదిలో ఆగస్టు చివరికల్లా కానన్స్‌విల్ అడుగుకి చేరుతుంది. చల్లటి పొర అయిపోయి, తూములోంచి వెచ్చటి, మట్టి కలిసిన నీళ్ళు వస్తాయి. జూన్‌లో అవసరం లేని రోజున వదిలిన ప్రతి వంద క్యూసెక్కులూ సెప్టెంబర్‌లో లేని చలి అన్నమాట.

2007 అక్టోబర్‌లో నగరం, నాలుగు రాష్ట్రాలు కలిసి కొత్త పద్ధతి మొదలుపెట్టాయి. న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, డెలావేర్, వాటితోపాటు నగరం, ఈ ఐదుగురూ ఒప్పుకుంటేనే ఏదైనా మారుతుంది. అంతకుముందు 2004, 2005, 2006ల్లో వరసగా మూడు వరదలు రావడంతో దిగువ ఊళ్ళవాళ్ళు జలాశయాల్లో ఖాళీ ఉంచమని పట్టుబట్టారు. ఒప్పందం పేరు ఫ్లెక్సిబుల్ ఫ్లో మేనేజ్‌మెంట్ ప్రోగ్రామ్. జలాశయంలో నీళ్ళు ఎన్ని ఉంటే విడుదల అంత, నిండుగా ఉంటే ఎక్కువ, తగ్గితే తక్కువ అని పట్టికలు వేసుకున్నారు. చలికాలంలో పదో వంతు ఖాళీ ఉంచడం, కొండల మీద మంచులో ఉన్న నీళ్ళలో సగాన్ని జలాశయంలో ఉన్నట్టే లెక్కగట్టడం కూడా అందులోవే. వరద కోసం ఉంచిన ఈ ఖాళీ చేపలకీ మేలే చేసింది, చలికాలంలో నది అడుగు రాళ్ళు తడిగా ఉన్నాయి.

2017 వేసవిలో ఏకాభిప్రాయం కుదరక ఆ ఒప్పందం కొన్ని నెలలు ఆగిపోయి, విడుదలలు 1983 నాటి పాత పద్ధతికి వెళ్ళిపోయాయి. అదే ఏడాది అక్టోబర్‌లో కుదిరిన కొత్త ఒప్పందంలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా కనిపించేవి రెండు చిన్న ఖాతాలు. వేడి రోజుల కోసం 2,500 క్యూసెక్కు-రోజులు, తూము హఠాత్తుగా దించినప్పుడు మెల్లగా తగ్గించడానికి 1,000 క్యూసెక్కు-రోజులు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే వచ్చేది ఒక క్యూసెక్కు-రోజు. 11,574 అయితే ఒక టీఎంసీ. అంటే మొదటి ఖాతా 0.22 టీఎంసీ కూడా కాదు, రెండోది 0.09 లోపు. 36 టీఎంసీల జలాశయాల్లో ఇది గోరంత.

ఈ గోరంతని ఎలా ఖర్చుపెట్టాలన్నదే అసలు పనితనం. లక్ష్యం హ్యాంకాక్‌కి దిగువన ఉన్న లార్డ్‌విల్ గేజ్ దగ్గర పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 75 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 24 సెల్సియస్ దాటకుండా చూడడం. రోజుకి 200 క్యూసెక్కులు అదనంగా వదిలితే ఖాతా పన్నెండున్నర రోజుల్లో ఖాళీ. అందుకని మొదటి వేడి రోజుకే తూము తిప్పకూడదు. వరసగా మూడు రోజులు మండే ఎండ, వెచ్చటి రాత్రుళ్ళు, వాగుల్లో ప్రవాహం తక్కువ, ఈ మూడూ కలిసినప్పుడే తీయాలి. మాంటేగ్ కోసం ఆ రోజు ఎలాగూ నీళ్ళు వస్తుంటే ఖాతా ముట్టుకోనక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు గాలి ఎంత వేడిగా ఉన్నా నది అంతగా కాగదు, నదిని కాచేది ముఖ్యంగా ఎండ.

సమయం దగ్గర చాలామంది పొరబడతారు. కానన్స్‌విల్ కట్ట నుంచి లార్డ్‌విల్ దాదాపు 27 మైళ్ళు. తూము తెరిచిన కొన్ని గంటలకే అక్కడి గేజ్‌లో ప్రవాహం పెరుగుతుంది, కానీ చల్లదనం రాదు. ముందు వచ్చేది అల. అది నదిలో అప్పటికే ఉన్న వెచ్చటి నీళ్ళని ముందుకి తోస్తుంది. కట్ట దగ్గర బయల్దేరిన చల్లటి నీళ్ళు అలకన్నా నెమ్మదిగా నడుస్తాయి, కాబట్టి ఇంకా కొన్ని గంటల తర్వాత గానీ చేరవు. మధ్యాహ్నం గేజ్ 23 చూపించాక తూము తెరిస్తే ఆ చలి చేరేసరికి రాత్రవుతుంది. రాత్రి నది తనంతట తనే చల్లబడుతుంది, నీళ్ళు దండగ. రేపు సాయంత్రం నాలుగు, ఐదింటి గరిష్ఠాన్ని తగ్గించాలంటే వాతావరణ అంచనా చూసుకుని ఈరోజు రాత్రికే తెరవాలి, రేపు మధ్యాహ్నానికి దించడం మొదలుపెట్టాలి. ఎక్కువ నీళ్ళు రెండు విధాలుగా పనిచేస్తాయి. చల్లటి నీళ్ళు కలపడం ఒకటి, నదిని లోతుగా, వేగంగా చేసి ఎండలో గడిపే సమయం తగ్గించడం రెండోది. కానీ ప్రవాహం బాగా ఉన్నప్పుడు ఇంకో వంద క్యూసెక్కులు కలిపితే తేడా కొద్దిగానే ఉంటుంది. అదే వంద, నది సన్నబడినప్పుడు ఎంతో ఎక్కువ చేస్తుంది.

రెండో ఖాతా లెక్క ఇంకా బిగుతు. 900 క్యూసెక్కుల నుంచి 300కి దించాలనుకుందాం. రోజుకొక మెట్టు చొప్పున 750, 600, 450 అని మూడు రోజులు దించితే, 300 మీద అదనంగా 450, 300, 150, మొత్తం 900 క్యూసెక్కు-రోజులు ఖర్చు. ఏడాది ఖాతా ఒక్క దెబ్బకి అయిపోయినట్టే. అదే మెట్లు ఎనిమిదేసి గంటలకి వేస్తే 300తో సరిపోతుంది, ఏడాదికి మూడుసార్లు చేయవచ్చు. పురుగుల పిల్లలకి, చేపపిల్లలకి మూడు రోజుల దింపుడే మంచిది, కానీ ఉన్న నీళ్ళకి ఎనిమిది గంటల మెట్లే గతి. అందుకే నా దృష్టిలో మెల్లగా దించడం కన్నా అంత ఎత్తుకి లేపకుండా చూసుకోవడం చవక. కరెంటు జలాశయాల వారాంతపు షెడ్యూలుని ముందే కలిపి చూసి, వారం మొత్తానికి కానన్స్‌విల్ విడుదలని చదును చేస్తే ఈ ఖాతా అవసరమే సగం తగ్గుతుంది.

నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగేవాళ్ళకి నగరంలోనే జవాబుంది. న్యూయార్క్ 1979 ప్రాంతంలో రోజుకి 150 కోట్ల గ్యాలన్లు వాడేది, ఇప్పుడు దాదాపు 100 కోట్లు. 1994 నుంచి 1997 దాకా నగరం రాయితీ ఇచ్చి 13 లక్షల పాత టాయిలెట్లని తక్కువ నీళ్ళవాటితో మార్పించింది. మీటర్లు పెట్టింది. 1954 తీర్పులోనే ఒక మంచి సూత్రం ఉంది: నగరం వాడకం దాని సురక్షిత దిగుబడికన్నా (అంటే కరువులో కూడా నమ్మకంగా దొరికే నీళ్ళకన్నా) తక్కువగా ఉంటే, ఆ తేడాలో 83 శాతాన్ని అదనపు విడుదలగా లెక్కించాలి. బ్రూక్లిన్‌లో మారిన టాయిలెట్టుకీ హ్యాంకాక్‌లో బతికిన చేపకీ లంకె అక్కడుంది.

డెలావేర్ నీళ్ళని నగరానికి మోసే 85 మైళ్ళ సొరంగం దశాబ్దాలుగా కారుతోంది, గరిష్ఠంగా రోజుకి 3.5 కోట్ల గ్యాలన్లని అంచనా. అంత లెక్కన ఏడాదికి 1.7 టీఎంసీలు. వేడి రోజుల ఖాతాకి ఇది ఎనిమిది రెట్లు. హడ్సన్ నది కింద నుంచి రెండున్నర మైళ్ళ పక్కదారి సొరంగం తవ్వి, దాన్ని కలపడానికి 2024 అక్టోబర్‌లో పాతదాన్ని ఆపారు. అప్పుడే కరువు ముంచుకురావడంతో నవంబర్‌లో పని ఆపి మళ్ళీ నీళ్ళు వదలాల్సొచ్చింది. ఆ కారుడు ఆగిన రోజు మిగిలే నీళ్ళలో నదికి ఒక వాటా ముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే అది ఎవరికీ కనిపించకుండా నగరం లెక్కల్లో కలిసిపోతుంది.

దిగువవాళ్ళ భయం కూడా నిజమైనదే. 1960ల కరువులో ఉప్పునీరు సముద్రం నుంచి ఎగదన్ని ఫిలడెల్ఫియా నీళ్ళు తోడుకునే చోటుకి దగ్గరగా వచ్చింది. ట్రెంటన్ దగ్గర 3,000 క్యూసెక్కుల లక్ష్యం అందుకే. అయితే ట్రౌట్ కోసం వదిలిన నీళ్ళు ట్రౌట్ దగ్గర ఆగిపోవు, రెండు రోజుల్లో మాంటేగ్, ఆ తర్వాత ట్రెంటన్ చేరతాయి. ఒకే నీళ్ళతో రెండు పనులూ అవుతాయి, తారీకులు కుదిరితే.

చేపలు పట్టడానికి వెళ్ళేవాళ్ళు చేయగలిగింది కొంత ఉంది. జేబులో థర్మామీటరు పెట్టుకోండి. బయల్దేరే ముందు వెస్ట్ బ్రాంచ్ మీద హేల్ ఎడ్డీ గేజ్, అసలు నది మీద లార్డ్‌విల్ గేజ్ చూడండి, పావుగంటకోసారి అంకెలు మారుతుంటాయి. పొద్దున్న ఎనిమిదింటికే లార్డ్‌విల్ దగ్గర 19 దాటి ఉంటే ఎండ రోజున ఇంకో నాలుగైదు డిగ్రీలు ఎక్కుతుంది, ఆ పూట హ్యాంకాక్ దిగువన గాలం వేయకండి. వెస్ట్ బ్రాంచ్‌లో కట్టకి దగ్గరగా వెళ్ళండి. 20 దాటిన నీళ్ళలో పట్టి వదిలేసిన చేప ఈదుకుంటూ వెళ్ళినట్టే కనిపిస్తుంది, గంట తర్వాత చచ్చిపోవచ్చు. వాగు మూతి దగ్గర గుంపుగా చేరిన చేపల జోలికి అసలు పోవద్దు.

ప్రస్తుత ఒప్పందం గడువు 2028 మే 31. ఆ తర్వాతి ఒప్పందంలో వేడి రోజుల ఖాతాని 5,000 క్యూసెక్కు-రోజులకి పెంచాలని, అంటే ఇంకో 0.22 టీఎంసీ ఇవ్వాలని నా అభిప్రాయం. దాంతోపాటు బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే అక్టోబర్ ప్రవాహాన్ని చలికాలమంతా నిలబెట్టగలిగే స్థాయికి సెప్టెంబర్ చివర్లోనే దించి ఉంచాలి. గుడ్లు పెట్టాక దించకూడదు. ఈ రెండోదానికి ఒక్క గ్యాలన్ కూడా అదనంగా అక్కర్లేదు, తూము తిప్పే తారీకు మారితే చాలు.